గిటార్ ముట్టకపోయినా

నేను తయారు చేసుకున్న యాంప్లిఫయర్ మొదటిసారి ఆన్ చేయగానే గుంయ్‌మంది. గిటార్ తీగ ముట్టకపోయినా, వాల్యూమ్ సున్నాకి తిప్పినా అదే రొద.

సర్క్యూట్ నా సొంతం కాదు. 1950ల నాటి ఫెండర్ చాంప్, 5ఎఫ్1 అంటారు. మూడే ట్యూబులు: 12ఏఎక్స్7, 6వీ6, 5వై3. ఇంత చిన్న సర్క్యూట్‌లో తప్పు ఎక్కడ దాక్కుంటుందిలే అనుకున్నాను. ఫిల్టర్ కెపాసిటర్లు మార్చాను. గ్రౌండ్ వైర్లన్నీ ఒకేచోట కలిపాను. 6.3 వోల్టుల ఫిలమెంట్ వైర్లు జడలా మెలిపెట్టి, రెండు వైపుల నుంచీ గ్రౌండ్‌కి 100 ఓమ్‌ల రెసిస్టర్లు వేశాను. మార్చిన ప్రతిసారీ రొద కాస్త తగ్గినట్టే అనిపించేది. మర్నాడు వింటే అంతే ఉండేది. ఆఫీసులో ఎవరైనా ఇలా డీబగ్ చేస్తే నేనే తిడతాను.

నాన్నని అడగొచ్చు. తెనాలిలో ఆయనది రేడియో రిపేరు షాపు. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా దాన్ని మూసేసి, వాల్వులన్నీ పాత సామాన్లవాడికి తూకానికి వేసేశాడు. నేను పక్కనే ఉన్నాను, వద్దనలేదు. ఇప్పుడు అలాంటివే ఎంత పెట్టి కొన్నానో ఆయనకి చెప్పలేదు.

చివరికి ఫోన్లో రికార్డు చేసి పంపాను. "ఏమీ వినబడట్లేదురా" అన్నాడు. ఆయనకి ఈ మధ్య కుక్కర్ విజిల్ కూడా అందడం లేదు, అందుకే అనుకున్నాను. రాత్రి నేనే పెట్టి విన్నాను. నాకూ వినబడలేదు. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్‌ని పలికించలేదు. ఫిల్టరింగ్ లోపమైతే వచ్చేది 100; అది ఫోన్లో కాస్తయినా బుర్రుమనేది. గిటార్ లావు తీగ మీద మూడో మెట్టు 98 హెర్ట్జ్. దాంతో పోల్చి చూశాను. నా రొద దాదాపు ఒక స్థాయి కిందుంది. అంటే నేను మార్చిన కెపాసిటర్లకి ఏ పాపమూ తెలియదు.

కళ్ల చెకప్‌కి హైదరాబాద్ వచ్చినప్పుడు చూపించాను. చాసిస్ దగ్గరికి వస్తూనే ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. 350 వోల్టులు ప్లగ్ పీకినా కెపాసిటర్లలో ఉంటాయి, పాత అలవాటు. అవి డిశ్చార్జ్ అయ్యాక "వాల్వులు మూడూ పీకి, మళ్లీ వెయ్యి" అన్నాడు.

పీకి వేశాను. రొద కొంచెం తగ్గిందేగానీ పోలేదు. మోగడానికి ఏమీ లేని డబ్బా మోగుతోంది!

"రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకే వైపు తిప్పి బిగించావు కదరా."

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం పక్కనున్న అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి నేరుగా పోతోంది. నెలన్నరగా నేను సర్క్యూట్ బొమ్మలోనే వెతికాను. ఏది ఎటు తిరిగి ఉండాలో బొమ్మలో ఉండదు.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని విప్పి, ప్రైమరీ వైర్లకి టేపు చుట్టి, సెకండరీకి హెడ్‌ఫోన్స్ తగిలించాం. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రమే కరెంటు. హెడ్‌ఫోన్స్ ఆయనే పెట్టుకున్నాడు. కుక్కర్ వినబడని మనిషి ఇదేం వింటాడని నా అనుమానం. ట్రాన్స్‌ఫార్మర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ పోయి, దాదాపు 90 డిగ్రీల దగ్గర నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. హెడ్‌ఫోన్స్ తీసుకుని విన్నాను. నిశ్శబ్దం.

కొత్త రంధ్రాలు వేసి బిగించాను. పాతవి అలాగే ఉన్నాయి. వాల్వులు గుడ్డతో తుడిచి ఇస్తూ "6వీ6 ఎంతకిస్తున్నారు ఇప్పుడు?" అని అడిగాడు. ఈసారి చెప్పాను.