యాకిమా లోయలో హాపు తోటలు

అమెరికా వెళ్ళిన మనవారు సాధారణంగా నయాగరా జలపాతమూ, న్యూయార్కు మేడలూ చూచి వస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయకు పోయేవారు తక్కువ. సియాటిల్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 230 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ లోయ, బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చే హాపు పంటకు ప్రపంచ ప్రసిద్ధి పొందినది.

మా మేనల్లుడు సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దినాలలో ఇంటిలోనే పేల్ ఏల్ అనే లేత రంగు బీరు కాచటం అతని సరదా. అక్కడ అది తప్పు కాదు. 1978లో చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దలున్న ఇంటివారు ఏడాదికి 200 గాలన్ల దాకా తమ వాడుకకు కాచుకోవచ్చు, అమ్మరాదు. మన రాష్ట్రాల ఎక్సైజు చట్టాల ప్రకారం లైసెన్సు లేనిదే అలా చేయటానికి వీలు లేదని పాఠకులు గమనించాలి. “మామయ్యా, హాపులు కొనటానికి వెళుతున్నాను, మీరూ రండి. తోటలంటే మీకు ఇష్టం కదా” అన్నాడు. నేను మద్యం ముట్టేవాణ్ణి కాను. హోసూరు గులాబి తోటల మధ్య పెరిగినవాణ్ణి గనుక తోట అనగానే బయలుదేరాను.

దారిలో కాస్కేడ్ పర్వతాలు దాటాలి. పడమటి వైపు ఎప్పుడూ తడిసి ఉండే దట్టమైన అడవి. కనుమ దాటి దిగగానే రాయలసీమను తలపించే బోడి గుట్టలు. మబ్బులను పర్వతాలే ఆపివేయటం వల్ల లోయలో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. కాని కొండల మీద కరిగిన మంచు నీటిని జలాశయాలలో నిలిపి, కాలువల ద్వారా పొలాలకు పారిస్తారు. ఆపిల్, చెర్రీ, ద్రాక్ష, హాపు అన్నీ ఆ నీటి చలవే. లోయ పేరు అక్కడి ఆదిమ జాతివారైన యాకమాలది. తోటలు కొన్ని నేటికీ వారి రిజర్వేషను భూములలోనే ఉన్నవి. అమెరికాలో పండే హాపులో సుమారు ముప్పాతిక వంతు ఈ రాష్ట్రానిదే.

హాపు తోటను దూరం నుంచి చూస్తే మన తమలపాకు తోట జ్ఞాపకం వస్తుంది. అయితే ఇక్కడ అవిసె చెట్లకు బదులు పద్దెనిమిది అడుగుల ఎత్తున స్తంభాలు, వాటి మీద తీగెలు, ఆ తీగెల నుంచి నేలకు దిగిన తాళ్ళు. ఒక తాడు పట్టుకుని చూచాను. అది కొబ్బరి పీచు తాడు! శ్రీలంక నుంచి ఓడలలో వస్తుందట. గరుకుగా ఉండటం వల్ల తీగ జారదు, కోత తరువాత తీగతోపాటు కుళ్ళి ఎరువవుతుంది. యానాం సోదరులకు ఈ మాట సంతోషం కలిగిస్తుందనుకుంటాను.

హాపులో ఆడ తీగకే పనికివచ్చే పువ్వు వస్తుంది. బొటనవేలంత ఆకుపచ్చని మొగ్గ వంటిది. దాన్ని విప్పితే రేకుల మొదట పసుపు వంటి జిగురు పొడి ఉంటుంది. దాని పేరు లుపులిన్. చేదూ వాసనా రెండూ అందులోవే. చేదునిచ్చే పదార్థం బాగా మరిగితే గాని రసంలోకి దిగదు. వాసననిచ్చే తైలాలు మరిగితే ఆవిరై పోతాయి. మన చారు సంగతి తెలిసిన గృహిణికి ఇది వేరే చెప్పనక్కరలేదు: చింతపండు మరగాలి, కొత్తిమీర దించే ముందు పడాలి.

హాపుకు సరుకును చెడకుండా నిలిపే గుణం కూడా ఉన్నది. ఇంగ్లండు నుంచి మదరాసు, కలకత్తా, బొంబాయి రేవులకు నెలల తరబడి ప్రయాణం చేసిన బీరులో హాపు ఎక్కువగా వేసేవారు. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు 19వ శతాబ్దంలో అలా స్థిరపడినదే.

తోట యజమాని డెబ్బయి దాటిన పెద్దమనిషి, తాతల నాటి నుంచి ఇదే వ్యవసాయం. ఒక్కొక్క రకం పువ్వును అరచేతుల మధ్య నలిపి మా ముక్కు దగ్గర పెట్టాడు. చినూక్‌లో దేవదారు జిగురు వాసన, చేదు హెచ్చు. సెంటీనియల్‌లో పూలూ నిమ్మా కలిసిన వాసన. సిట్రాలో మామిడి, నారింజల ఘుమఘుమ. కాస్కేడ్ నలపగానే నాకు పంపరపనస తొక్క ఒలిచినట్లనిపించింది. ఈ కాస్కేడ్ ఇంగ్లండు ఫగుల్, రష్యా సెరెబ్రియాంక వంశాలు కలిసిన సంతానం. ఆరెగన్‌లో 1956లో విత్తనం కట్టి, పదహారేళ్ళు పరీక్షించి, 1972లో రైతులకు విడుదల చేశారు. 1980లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో సియెర్రా నెవాడా వారు దీనితో కాచిన పేల్ ఏల్ అమెరికా రుచినే మార్చింది.

మరి ఇన్నిటిలో దేనిని దేనితో కలపాలి? మేనల్లుడు చెప్పిన పద్ధతి ఇది. ముందు ఒక్కొక్క రకంతోనే విడిగా చిన్న కాపు కాచి దాని గుణం తెలుసుకోవాలి. తరువాత రెండు మూడు రకాలు మాత్రమే తీసుకుని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని అప్పగించాలి. పందొమ్మిది లీటర్లకు అతని లెక్క: గంటసేపు మరగటానికి చినూక్ 14 గ్రాములు, పది నిమిషాలలో దించుతామనగా కాస్కేడ్ 28 గ్రాములు, పొయ్యి ఆర్పగానే సెంటీనియల్ 28 గ్రాములు. పులియటం ముగిసిన తరువాత మళ్ళీ 28 గ్రాముల కాస్కేడ్ పచ్చిగా వేసి మూడు రోజులుంచాలి. “అయిదారు రకాలు కలిపితే ఏదీ తెలియదు మామయ్యా” అన్నాడు. మా అంగడిలో కదంబం కట్టేవారి సూత్రమూ ఇదే. మల్లె వాసనకు, కనకాంబరం రంగుకు, మరువం పచ్చదనానికి. అన్నీ మల్లెలే అయితే అది కదంబం కాదు.

కాని లోకం ఇప్పుడు మల్లెల వెంటనే పరుగెడుతున్నది. మామిడి వాసనల సిట్రా, మొజాయిక్ వంటివి కాస్కేడ్‌ను వెనక్కు నెట్టినవి. కాస్కేడ్ ప్రభుత్వ పరిశోధనలో పుట్టినది, ఎవరైనా నాటుకోవచ్చు. ఈ కొత్త రకాలు కంపెనీల సొత్తు, అనుమతి లేనిదే నాటరాదు. దీనికి తోడు బీరు గిరాకీ పడిపోయి, 2021లో సుమారు 60 వేల ఎకరాలున్న అమెరికా హాపు సాగు 2024 నాటికి 45 వేల ఎకరాలకు దిగింది. హాపు వేరు ఏళ్ళ తరబడి నేలలో బ్రతికేది. పెరికివేసి వేరొకటి నాటితే నిండు పంటకు రెండు మూడేళ్ళు ఆగాలి.

“ఈ వసంతంలో కాస్కేడ్ సగం తీసివేశాను. మిగతాది కూడా తీయమని మా అబ్బాయి అంటున్నాడు. వాడి లెక్క తప్పు కాదు” అన్నాడు పెద్దాయన. నిరుడు ఎండబెట్టి నిలువచేసిన కాస్కేడ్ అరకిలో మేనల్లుడు కొన్నాడు. డబ్బు తీసుకుంటూ ఆయన, “ఇది అడిగి కొనేవాడు ఈ నెలలో నువ్వు రెండోవాడివి” అన్నాడు. అరకిలోతో ఒక తోట నిలవదు. అయినా కుండలో ఏది వేద్దామని ఇంటివాడు ఎంచుకునేదే చివరకు తీగెల మీద ఏది ఉండాలో నిర్ణయిస్తుందని ఆ తోటలో నాకు స్పష్టంగా తెలిసింది. మన నాటు వరి వంగడాలలో ఎన్నో ఇలా అడిగేవారు లేకనే పోయినవి.

ఆ వైపు బిడ్డల వద్దకు వెళ్ళే మనవారు ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు నెలాఖరు లోపల పోతే కోత చూడవచ్చు. లారీలలో తీగలు రావటం, యంత్రం పువ్వులు రాల్చటం, వేడి గాలి మీద పువ్వులు ఆరబోయటం చూడదగినవి. తాపెనిష్ పట్టణంలో హాపు మ్యూజియం ఉన్నది. తీగ గీసుకుంటే చేతులు దద్దుర్లెక్కుతాయి, పొడవు చేతుల చొక్కా వేసుకోవటం మంచిది.