గుస్సాడీ తలపై నీలం

ఉట్నూరు నుంచి ఆసిఫాబాదు పోయే దారిలో కొండల మధ్య జైనూర్ వస్తుంది. అంతకుముందు అదిలాబాదు జిల్లాలో ఉండేది. 2016 నుంచి కుమురం భీం జిల్లాలోనిది. మామూలు రోజుల్లో చూస్తే చిన్న ఊరే. దీపావళికి వెళ్ళండి, అప్పుడు దాని అందం తెలుస్తుంది. చుట్టుపక్కల గోండు గూడేలలో దండారి జరుగుతూంటుంది. ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, చేత కర్ర, తలపై వందల నెమలి ఈకల కిరీటం - ఇదీ గుస్సాడీ వేషం. ఈ మండలంలోని మార్లవాయి వాసి కనకరాజు ఈ నాట్యంతోనే 2021లో పద్మశ్రీ అందుకొని, 2024లో కన్నుమూశారు.

జంతు ప్రదర్శనశాలలో తెల్ల నెమలిని చూసివచ్చిన పిల్లలు ఆ కిరీటాన్ని చూస్తే, "అన్నీ నీలం కన్నులేనా? తెల్ల ఈక ఒక్కటీ లేదేం?" అని తప్పక అడుగుతారు. తేలికగా కొట్టిపారవేయవలసిన ప్రశ్న కాదది.

అసలు నెమలి ఈకలో నీలి రంగు అన్నదే లేదు! నమ్మకపోతే పిల్లల పుస్తకంలో దాచుకున్న ఈకను తీసి, దీపానికి అడ్డంగా పట్టి చూడండి. నీలం మాయమై గోధుమవన్నె కనబడుతుంది. ఈక నూగులో మెలనిన్ అనే నల్లటి పదార్థం సన్నని కడ్డీలుగా, చెరకుతోటలో సాళ్ళవలె వరుసతీరి ఉంటుంది. మన జుట్టుకు నలుపునిచ్చేదీ ఆ మెలనినే. సాళ్ళ మధ్య ఎడాన్నిబట్టి ఒక్కొక్క రంగు వెలుగే తిరిగి మన కంటికి వస్తుంది. ఎడం కాస్త తక్కువైతే నీలం, కాస్త పెరిగితే ఆకుపచ్చ, ఇంకా పెరిగితే పసుపు. 2003లో చైనా శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే నీలానికీ పసుపుకూ మధ్య తేడా మిల్లీమీటరులో లక్షోవంతుకు రెండు మూడు రెట్లు మాత్రమే. గుస్సాడీ తల ఊపినప్పుడల్లా కిరీటం వన్నె మారడానికి కారణమిదే. వెలుగు పడే కోణం మారుతుంది.

తెల్ల నెమలిలో ఈ మెలనిన్ ఈకల్లోకి చేరదు. కడ్డీలే లేకపోతే సాళ్ళెక్కడివి? తెల్లనివన్నీ బొల్లి జంతువులని అనుకోకూడదు సుమా. దాని కళ్ళు ఎర్రగా ఉండవు, మామూలుగానే ఉంటాయి. అది వేరే జాతి కూడా కాదు. తెల్లదానికీ నీలిదానికీ పుట్టిన పిల్లలు చాలావరకు నీలంగానే ఉండి, రెక్కల్లో ఒకటి రెండు తెల్ల ఈకలతో గుట్టు బయటపెట్టుకుంటాయి.

డార్విన్‌ను తికమక పెట్టిన నెమలి ఇంకొకటి ఉంది. దాని రెక్కల పైభాగం చారలు లేకుండా నల్లగా నిగనిగలాడుతుంది. 1860లో స్క్లేటర్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు దానికి వేరే జాతిగా పేరుపెట్టాడు. ఇంగ్లండులో మామూలు నెమళ్ళ గుంపుల్లో అది హఠాత్తుగా పుట్టుకురావడం తెలిసి, ఇది జాతి కాదు, భేదం మాత్రమేనని డార్విన్ 1868లో వాదించాడు. ఆయన మాటే నిలిచింది. తల్లిలోనూ తండ్రిలోనూ చెరొక పాలు దాగి ఉన్న లక్షణం, పిల్లలో రెండు పాళ్ళూ కలిసినప్పుడే బయటపడుతుంది. మెండెల్ 1866లోనే బఠానీ మొక్కలతో ఈ లెక్క తేల్చి ప్రచురించినా లోకం పట్టించుకోలేదు. తాతకున్న పిల్లికళ్ళు మనవడికి వచ్చినప్పుడు మన ముసలమ్మలు పెద్దగా ఆశ్చర్యపడరు, పండితులకే ఆలస్యమైంది.

ఇటువంటి వింతలు పంజరంలో వర్ధిల్లుతాయి; అక్కడ వెదికి జతకట్టే మనిషి ఉంటాడు. అడవిలో తెల్లగా పుట్టిన పిల్ల డేగ కంటికీ నక్క కంటికీ ముందుగా ఆనుతుంది. కిరీటంలో తెల్ల ఈక కనబడకపోవడానికి ఇంతకు మించిన రహస్యం లేదు. అవి పెంపకపు ఈకలు కావు, అడవి ఈకలు.

అయితే వాటికోసం నెమలిని చంపనక్కరలేదు. వానలు వెనుకపట్టే వేళకు మగ నెమలి నూటయాభై పైచిలుకు పింఛపు ఈకలను తనంతట తానే రాల్చుకుంటుంది. ఆ వెంటనే దీపావళి, దండారి! పంచాంగం కుదిరినట్టే కుదిరింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం కూడా నెమలిని చంపడాన్ని నేరమంటూనే, రాలిన ఈకలకు మినహాయింపు ఇచ్చింది. ఎక్కడైనా ఈకలు కొనవలసివస్తే ముందు మొదలు చూడండి. రాలినదాని మొదలు ఎండి శుభ్రంగా ఉంటుంది. పీకినదాని మొదట నెత్తుటి జాడ కనబడుతుంది.