రక్తంలో చీటీలు

మా పెద్దక్కయ్యను దుమ్ముగూడెం వైపు ఇచ్చారు. భద్రాచలం దాటి పర్ణశాల దారిన పోతే వస్తుంది వాళ్ల ఊరు. ఇంటి వెనక పొలం, పొలం వెనక అడవి. ఖమ్మంలో కాలేజీకి సెలవులివ్వగానే పెట్టె సర్దుకుని అక్కడ వాలడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు.

పోయినేడు వేసవిలో అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "ఎవరితోనూ అనకు. రొమ్ములో గోలీకాయంత గడ్డ తగులుతున్నదే" అంది. ఎన్నాళ్లనుంచి అంటే సంక్రాంతి ముందునుంచట! "నొప్పి లేదు గదా! నొప్పి లేనిదానికి డాక్టరెందుకూ?" అని పైగా నన్నే దబాయించింది. ఆ గడ్డల్లో చాలావాటికి మొదట్లో నొప్పి ఉండదనీ, అదే వాటి మోసమనీ ఎమ్మే చదివిన నాకు మాత్రం తెలుసునా?

బట్టలు కొనాలని బావగారితో బొంకి ఖమ్మం తీసుకొచ్చాను. అక్కణ్ణుంచి హైదరాబాదు మరో రెండువందల కిలోమీటర్లు. మామోగ్రాం తీశారు, సూదితో ముక్క తీసి చూశారు. కేన్సరే. ఆపరేషనూ మందులూ అయ్యాయి. ఇప్పుడు మళ్లీ మొలిచిన పొట్టి జుట్టులో పూలు నిలవడం లేదని విసుక్కుంటున్నది. ఆ విసుగు వినడం నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

అక్కయ్య కూతురు బయోటెక్నాలజీ చదువుతున్నది. "ఇంత దూరం తిప్పకుండా, చుక్క రక్తంతో ఇది ముందే తెలియదుటే?" అని ఒకరోజు అడిగాను.

"దానిమీదే పరిశోధనలు జరుగుతున్నాయి పిన్నీ" అని మొదలుపెట్టింది.

మన ఒంట్లోని కణాలు సన్నని పొట్లాలు కట్టి బయటికి వదులుతాయట. వాటిలో ఒక రకాన్ని ఎగ్జోసోములంటారు. మీటరును వందకోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ పొట్లాలు 30 నుంచి 150 నానోమీటర్లు. 1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టన్ గొర్రె రక్తకణాల్లోనూ, అమెరికాలో ఫిలిప్ స్టాల్ బృందం ఎలుక రక్తకణాల్లోనూ వీటి జాడ పట్టారు. కణం చెత్త పారబోసుకుంటున్నదని చాలాకాలం అనుకున్నారు. 2007లో స్వీడనులో యాన్ లోత్వాల్ బృందం ఆ పొట్లాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయని చూపింది. సుమారు 22 అక్షరాల చీటీలవి. ఫలానా ప్రోటీను తయారీ తగ్గించమని కణానికి చెబుతాయి. 1993లో ఒక మిల్లీమీటరు పురుగులో వీటిని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది.

"అయితే నెత్తుట్లో పోస్టాఫీసున్నదన్నమాట" అంది అక్కయ్య, చిక్కుళ్లు తుంచుతూ.

ఉన్నది! రక్తంలో విడిగా పడ్డ ఆర్‌ఎన్‌ఏను ఎంజైములు కొరికేస్తాయి, పొట్లంలోది భద్రం. కేన్సరు కణమూ పొట్లాలు పంపుతుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 అనే చీటీ రొమ్ము కేన్సరు రోగులు చాలామందిలో ఎక్కువగా కనిపించింది.

నేను పొంగిపోయాను. రోగి కదలక్కర్లేదు, రక్తం సీసా బస్సెక్కి వెళ్తుందని! పిల్ల నవ్వింది. అదే చీటీ ఇతర కేన్సర్లలోనూ, ఒంట్లో వాపు ఉన్నా పెరుగుతుందట. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే వాటి చీటీలూ కలిసిపోతాయి. పొట్లాలు వేరుచేసే పద్ధతి ఒక్కో లాబొరేటరీలో ఒక్కో రకం, అందుకే లెక్కలు కుదరవు. కనుక మామోగ్రాంకు బదులుగా వాడే రోజు ఇంకా రాలేదు.

"మరి అందాకా?" అంది అక్కయ్య. వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. దానికి ముప్పై దాటాయి.

ముప్పై నిండిన ఆడవాళ్లకు అయిదేళ్లకోసారి నర్సమ్మ చేత్తో తడిమి చూడాలని 2016లోనే ప్రభుత్వం నియమం పెట్టింది. మా అక్కయ్య ఊళ్లోకీ నర్సమ్మ వచ్చింది. సిగ్గుపడి, కాఫీ ఇచ్చి, కబుర్లు చెప్పి పంపేసింది మహాతల్లి!

మొన్న సెలవులకు నేనక్కడుండగానే నర్సమ్మ మళ్లీ వచ్చింది. కోడలు కాఫీ పెడతానని వంటింట్లోకి జారుకోబోయింది. అక్కయ్య దాని రెక్క పట్టుకుని గదిలోకి తోసి, "కాఫీ నేను పెడతాలే" అని బయటినుంచి తలుపు వేసింది.