వెనక నుంచి గీసిన గీతలు

పీజీ మొదటి ఏడాదిలో మా బ్యాచ్‌వాళ్లు ఎదురుపడితే అడిగే మాట ఒకటే: "ఎన్ని సిజేరియన్లు ఇచ్చారు నీకు?" నొప్పులు చూస్తూ కూర్చున్న గంటలు ఎవరికీ లెక్కలోకి రావు. నిజానికి మా పనిలో ముప్పాతిక వంతు అదే. స్టూలు లాక్కుని, పొట్ట మీద చెయ్యి వేసి, గోడ గడియారం చూస్తూ 10 నిమిషాలు. పొట్ట ఎప్పుడు గట్టిపడింది, ఎన్ని సెకన్లు నిలిచింది, మళ్లీ ఎప్పుడు. అరగంటకోసారి బిడ్డ గుండె, 4 గంటలకోసారి లోపలి పరీక్ష. అన్నీ కాన్పు ఎలా సాగుతోందో చూపే పార్టోగ్రాఫ్ కాగితం మీదికి ఎక్కాలి.

ఎక్కేవి, కాన్పయ్యాక! టేబుళ్లన్నీ నిండిన రాత్రి కాగితం ఎవరు ముడతారు? తెల్లారుజామున టీ తాగుతూ కేస్‌షీట్లు ముందేసుకునేవాళ్లం. బిడ్డ పుట్టిన టైము తెలుసు కాబట్టి అక్కణ్నుంచి వెనక్కి లెక్క కట్టడమే. మా గీతలన్నీ, కాన్పు ఆలస్యమైతే హెచ్చరించే అలర్ట్ లైనుకు ఎడమ పక్కనే, స్కేలు పెట్టినంత తిన్నగా ఉండేవి.

ఒక రాత్రి 108లో తొలిచూలు అమ్మాయి వచ్చింది. పీహెచ్‌సీ చీటీకి నలిగిన పార్టోగ్రాఫ్ ఒకటి గుచ్చి ఉంది. మొదటి చుక్క గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర. 4 గంటల తర్వాత 6. గంటకో సెంటీమీటరు లెక్కన 8 ఉండాల్సింది, గీత అలర్ట్ లైను దాటింది. ఆ పక్కనే 108కి ఫోన్ చేసిన టైము. పరీక్ష చేస్తే బిడ్డ ముఖం పైకి తిరిగి ఉంది, తల ఎముకలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. సిజేరియన్ చేశారు. నేను రిట్రాక్టర్ పట్టుకున్నాను. బిడ్డ వెంటనే ఏడ్చాడు.

పొద్దున రౌండ్స్‌లో మేడమ్ ఆ కాగితం పక్కన నా కాగితాలు పెట్టారు.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"పీహెచ్‌సీ సిస్టర్, మేడమ్."

"మరి నీ పేషెంట్లందరూ గంటకో సెంటీమీటరు తప్పకుండా తెరుచుకుంటారే! అదృష్టవంతురాలివి."

అక్కడే నిలబడి చెప్పారు. ఆ అలర్ట్ లైనును 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే డాక్టర్లు ఆఫ్రికాలో, అప్పటి రొడీషియాలో గీశారట. పెద్దాసుపత్రికి దూరంగా ఉన్న మంత్రసానులకు పేషెంటును ఎప్పుడు అక్కడికి పంపాలో తెలియడానికి. మేమేమో దాన్ని కేస్‌షీట్ నింపే కాగితం చేశాం. (2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పటం తెచ్చి ఆ లైనే తీసేసింది. లెక్క మొదలయ్యే 4 సెంటీమీటర్లు కాస్తా 5 అయ్యాయి. స్టూలు మాత్రం తప్పలేదు.)

మర్నాటి రాత్రి టైముకు టైము రాద్దామని కూర్చున్నాను. 2:30 దాకా సాగింది. అప్పుడు కాన్పయ్యాక రక్తం ఆగని కేసు వచ్చి పడింది. మళ్లీ నా పేషెంటు దగ్గరికి వచ్చేసరికి 4 దాటింది, అప్పటికే సిస్టర్ బిడ్డను తుడుస్తోంది. ఆ గంటన్నర కాగితం మీద ఖాళీగానే వదిలేశాను.

మేడమ్ ఆ ఖాళీ చూశారు. ఏమీ అడక్కుండా కింద సంతకం పెట్టారు.