అత్తయ్యగారి హారతి పాట

అటక మీది పాత క్యాసెట్లు పారేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి! సినిమా పాటలైతే ఎక్కడైనా దొరుకుతాయి. మా అత్తయ్యగారు 1991లో పాడిన మంగళహారతులు ఎక్కడ దొరుకుతాయి చెప్పండి? ఆవిడ ఇప్పుడు లేరు. మిగిలింది ఆ 60 నిమిషాల క్యాసెట్టే. టేపు పాతబడేకొద్దీ గరగర ఎక్కువై గొంతు తగ్గిపోతుంది.

అందుకే కంప్యూటర్లోకి ఎక్కించాను. అదేం బ్రహ్మవిద్య కాదండీ. ముందు టేప్‌రికార్డర్ హెడ్‌ని స్పిరిట్ అద్దిన దూదితో తుడవాలి. దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ వెనక నీలిరంగు సాకెట్‌లోకి ఒక వైరు. పక్కనున్న గులాబీరంగుది మైకుది, అందులో పెడితే పాట బరబరలాడుతుంది. రికార్డు చేసే ఆడాసిటీ ప్రోగ్రాం ఉచితమే. గంట క్యాసెట్టుకి గంటా పడుతుంది, ఈలోగా చిక్కుడుకాయలు ఒలుచుకోవచ్చు! వేవ్ ఫైలుగా దాస్తే నిమిషానికి సుమారు 10 ఎం.బి., ఎంపీత్రీ అయితే 1 ఎం.బి. చాలు. వేవ్ దాచుకోవడానికి, ఎంపీత్రీ వినడానికి. వేవ్‌కి ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో ఉంచాను.

మధ్యలో మాటలు కత్తిరించేస్తానన్నాడు మా అబ్బాయి. ససేమిరా అన్నాను. రెండో హారతి సగంలో ఆవిడ పాట ఆపి, "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి చూడు" అంటారు.