చూరు గల సైకిలు బాట

హైదరాబాదులో సైకిళ్లకొఱకే ఒక బాట వేయుచున్నారనియు, దానికి ఇంటికివలె పైకప్పు గూడ కలదనియు వినినప్పుడు మా ఖానాపూరులో నమ్మినవారు తక్కువ. 2023 వేసవి సెలవులలో బంధువులయింట శుభకార్యమునకై నగరమునకు పోవలసి వచ్చినది. దానిని కన్నులార చూచి రావలెనని మావారితో చెప్పితిని. బడిపంతుళ్లకు ఇట్టి కుతూహలము మెండు గనుక వెంటనే ఒప్పుకొనిరి.

చూడని సోదరీమణులకొఱకు దాని స్వరూపము కొంచెము చెప్పెదను. నగరమును చుట్టి పోవు అవుటరు రింగురోడ్డు ఒకటి కలదు. ఆ పెద్దరహదారికిని, ప్రక్కనుండు సర్వీసురోడ్డునకును నడుమ ఈ బాట సాగును. 2022 సెప్టెంబరు 6వ తేదీన శంకుస్థాపన జరిగినది. మొత్తము నిడివి 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడనుండి పోలీసు అకాడమీవఱకు 8.5, నార్సింగినుండి కొల్లూరువఱకు 14.5. వెడల్పు 4.5 మీటర్లు. పైన కప్పినవి రేకులు కావు, ఎండను విద్యుత్తుగా మార్చు సౌరఫలకములు. అన్నిటిశక్తి 16 మెగావాట్లు. దక్షిణకొరియాలో దేజాన్, సెజాంగు నగరములనడుమ రహదారి మధ్యమున ఇట్టి కప్పుబాట కలదు. అదియే దీనికి ఒరవడి.

మేము నార్సింగి చేరునప్పటికి ప్రొద్దు బాగుగా ఎక్కినది. పని ముగియలేదు. కొంతదూరము పెండ్లిపందిరి గుంజలవలె ఇనుపకంబములు మాత్రమే వరుసగా నిలిచియుండెను. ఆపైన ఫలకములు బిగించిన భాగము వచ్చినది. దానిక్రింద అడుగిడగానే నెత్తిమీది మంట తగ్గినదిగాని గాలి కొలిమి యూపిరివలెనే యుండెను. ఫలకముల సందులనుండి జాఱిన యెండ నేలపై చారలు చారలుగా పడినది. ఒకచోట క్రొత్తగా పోసిన సిమెంటుపై గోనెలు పఱచి తడుపుచుండిరి. ఇరుప్రక్కల లాఱీల రొద. మావారు అడుగులతో కంబములనడిమి దూరము కొలుచుచు ముందుకు పోయిరి.

గోనెలు తడుపుచున్న కూలియామె నన్నుజూచి, “అమ్మా, ఈడ సైకిల్ తొక్కెటోళ్లు యేడికి పోతరు?” అని యడిగినది.

“యేడికీ పోరమ్మా. ఆరోగ్యానికి తొక్కి మళ్ల వస్తరు,” అంటిని.

ఆమె నవ్వి, “గింత ఖర్చు వెట్టి మళ్ల వచ్చుడేనా?” అని బిందె యెత్తుకొన్నది.

మనుచరిత్రములోని ప్రవరుడు పాదలేపనము పూసికొని హిమాలయమునకు పోయి, అది కరగిపోగా మరలి రాలేక చిక్కినాడు. ఈ బాటవారికి చిక్కు లేదు. పోవుపనియే లేదు గదా! నేనీ బాటను తక్కువ చేయుటలేదు. ఎండనుండి నీడను, ఆ నీడనిచ్చు కప్పునుండియే వెలుగును సంపాదించుట మెచ్చదగిన యుపాయము. 2023 అక్టోబరు 1వ తేదీన దానిని తెఱచిరని విని సంతోషించితిని. కాని కూలియామె ప్రశ్న నన్ను వదలలేదు. సైకిలు మనబోటి ఆడువారికి వ్యాయామము కాకముందు కాళ్లు గదా!

తమిళదేశమున పుదుక్కోటజిల్లాలో 1990ల తొలిదినములలో అక్షరాస్యతోద్యమముతోపాటు పల్లెస్త్రీలకు సైకిలు నేర్పిరి. నాటి కలెక్టరు షీలారాణి చుంకత్తు అనునామె. వేలకొలది స్త్రీలు నేర్చిరి. ఆడువారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్లే కొన్నవారున్నారు. ముందరి కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టవచ్చునని వానినే కోరుకొన్నవారును కలరు. ఈ యొక్క మాటలో ఎంత సంసారమున్నదో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వారికి ఎవ్వరును ప్రత్యేకముగా బాట వేయలేదు. నీళ్లకు, పనికి, బజారునకు ఉన్నదారినే పోయిరి.

మా ఖానాపూరు ప్రక్కన గోదావరిపై 1891-92లో కట్టిన సదర్‌మాట్ ఆనకట్ట కలదు. దాని కాలువలు మా మండలమునకును కడెము మండలమునకును నీరిచ్చును. పెద్దరోడ్డుపై లాఱీలకు వెఱచి తల్లిదండ్రులు సైకిలు మాన్పించిన బాలికలను నేనెఱుగుదును. మా వీథిలోని పిల్ల యొకతె తొమ్మిదవ తరగతికి వచ్చినయేడు, “కాలువగట్టున పోయెద, రోడ్డెక్కను,” అని తండ్రికి మాటయిచ్చి సైకిలు నిలుపుకొన్నది. గట్టుపై కొంతమేర మొరము పోసి విడిచిరి. తక్కినది మట్టియే, వానకు జాఱును. అది యటులుండనిండు. పిల్లకాలువకై గట్టు కోసినచోట మాత్రము ఆ పిల్ల దినమునకు రెండుమారులు దిగి, పుస్తకములసంచి మెడకు తగిలించి, సైకిలు భుజమునకెత్తి మోకాలిలోతు నీటిలో దాటవలసియున్నది. దానికి పైకప్పు అక్కఱలేదు. ఆ కోతపై నాలుగు రాతిబండలు పఱచిన చాలును.