ప్రయాణానికి ముందు వేసవి

ఒక్క సెమిస్టరు కోసం విదేశానికి వెళ్లే పిల్లకు ఏమేం సర్దాలని అడిగితే మా విజయనగరంలో ఇంటికో జాబితా చెబుతారు. ఆవకాయ, కందిపొడి, ఉన్ని స్వెట్టరు, చిన్న కుక్కరు. నా మేనకోడలు వడోదరలో పెయింటింగు చదువుతోంది. ఈ అక్టోబరులో ఎక్స్ఛేంజి విద్యార్థిగా జర్మనీలోని ఒక ఆర్ట్ అకాడమీకి వెళ్లబోతోంది. డ్రాయింగు మాస్టారుగా చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక నేనూ ఓ జాబితా ఇస్తానని ఎదురుచూసింది. నేను మాత్రం ఈ వేసవి సెలవులు వృథా చెయ్యకుండా మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లోనే తిరగమన్నాను. ముందు కొంచెం నిరాశపడినట్టుంది. "అక్కడి మ్యూజియంల గురించి చెబుతావనుకున్నాను మావయ్యా" అంది.

నా లెక్క ఇది. జర్మనీలో చలికాలపు సెమిస్టరు తరగతులు అక్టోబరు నడుమ మొదలై ఫిబ్రవరి మొదట్లో ముగుస్తాయి. మధ్యలో క్రిస్మస్ సెలవులు. చేతికి దక్కేది నాలుగు నెలల లోపే. అక్కడి అకాడమీల పద్ధతి కూడా వేరు. పీరియడ్ల కంటే ఒక ప్రొఫెసరు చుట్టూ చేరిన క్లాసే ముఖ్యం. ఎవరి మూల వాళ్లకుంటుంది, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు, తరచు అందరూ ఒకచోట కూర్చుని ఒకరి పనిని గోడకు పెట్టి మాట్లాడుకుంటారు. నువ్వు ఇది గీయి అని ఎవరూ చెప్పరు. అంత తక్కువ కాలంలో, అలాంటి చోట, ఉత్త చేతులతో వెళ్లిన పిల్ల బెంగతో, చలితో, చూడాల్సినవన్నీ చూడాలన్న ఆత్రంతో రోజులు గడిపేస్తుంది. తనకంటూ ఒక పని వెంట తెచ్చుకున్న పిల్లకు అక్కడి ప్రెస్సులు, అచ్చు రాళ్లు, కొలుములు, గ్రంథాలయం అన్నీ మొదటి వారం నుంచే అక్కరకొస్తాయి.

పాస్‌పోర్టు మన పల్లెలకు కొత్తేమీ కాదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఉద్దానం కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఏళ్ల తరబడి గల్ఫు దేశాలకు వెళ్తూనే ఉన్నారు. పని చేతికి వచ్చాకే వాళ్లు విమానం ఎక్కుతారు. బొమ్మలు గీసే పిల్లకూ అదే దారి మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

నా నమ్మకానికి ఆధారం ప్రింటు కళాకారుడు కృష్ణారెడ్డి. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతనంలో నందలాల్ బోసు దగ్గర చదివి, లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్లాడు. అక్కడ హెన్రీ మూర్, తర్వాత పారిస్‌లో జాడ్కిన్ ఆయనకు శిల్పం నేర్పారు. పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపే 'అటెలియే 17' అనే ముద్రణశాలలో చేరాడు. రంగుల ప్రింటు కావాలంటే మామూలుగా రంగుకో ప్లేటు చేసి ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తారు. కృష్ణారెడ్డి, ఆయన తోటివాళ్లు ఒకే ప్లేటును మెట్లు మెట్లుగా లోతుకు చెక్కారు. సిరాల్లో అవిసె నూనె పాళ్లు మార్చి ఒకటి పలుచగా, ఒకటి జిగటగా చేశారు. మెత్తని రోలరుతో ఒక రంగు, గట్టి రోలరుతో ఇంకో రంగు పూశారు. మెత్తని రోలరు పల్లాల్లోకి దిగుతుంది, గట్టిది మిట్టల మీదే ఆగుతుంది. చిక్కదనంలో తేడా ఉన్న సిరాలు కలిసిపోకుండా ఏ చోటివి ఆ చోట నిలుస్తాయి. రంగులన్నీ ఒక్క దఫాలో కాగితం మీదికి వచ్చేస్తాయి. ప్లేటును శిల్పి కళ్లతో చూసినవాడు కనుకనే ఆయనకు అది సాధ్యమైంది. నేర్చుకోవడానికి వెళ్లిన చోటికే ఆ తర్వాత సహ నిర్దేశకుడయ్యాడు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్కులో కన్నుమూశాడు. ప్రింటు తీసే విద్య చెప్పే చోట్ల ఈ పద్ధతీ చెబుతారు. ఆయన పేరు మన పదో తరగతి పిల్లల్లో ఎందరికి తెలుసో అని తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

గుడివాడ నుంచి వెళ్లిన చిత్రకారుడు ఎస్.వి. రామారావు కూడా ఇలాంటివాడే. మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ శిక్షణలో చేయి తిరిగాకే 1962లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్పు మీద స్లేడ్ స్కూలులో చేరాడు. మా ప్రాంతానికి వస్తే, బొబ్బిలిలో 1919లో పుట్టిన అంట్యాకుల పైడిరాజు మద్రాసు ఆర్ట్స్ స్కూలులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదువుకున్నాడు. తిరిగి వచ్చి విజయనగరంలోనే పిల్లలకు బొమ్మలు నేర్పాడు. నేర్చుకున్నది తెచ్చి సొంత ఊళ్లో పంచినవాడు కనుక మా వాళ్లకు ఆయన గురువు.

ఇక వేసవి సంగతి. మొదట పొందూరు పంపించాను. సన్ననూలు ఖద్దరుకు పేరుపడ్డ ఊరు. అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. దువ్విన పత్తి ఏకై, నూలై, నూరు కౌంటు దాటిన దారమై మగ్గానికి వెళ్తుంది. చీరల బొమ్మలు వెయ్యొద్దనీ, దువ్వే చెయ్యి వెయ్యమనీ చెప్పాను. బొటనవేలు ఎక్కడ ఒత్తుతుందో, మణికట్టు ఎటు తిరుగుతుందో పెన్సిలుకు అందేదాకా అక్కడే కూర్చోవాలి. తర్వాత సారవకోట మండలం బుడితి, కంచు ఇత్తడి పాత్రల పని చూడటానికి. తర్వాత బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే ఇళ్లు అక్కడున్నాయి. ఎక్కడ చెక్కాలో తెలియడం ఒక ఎత్తు, ఎక్కడ ఆపాలో తెలియడం ఒక ఎత్తు. వీణ కుండ లోపలి మందం పలకాల్సిన నాదాన్ని బట్టి ఉంటుందని ఆ పనివారి దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. శిల్పం చదివే పిల్లలకు ఇంతకంటే మంచి బడి నేను చూపించలేను.

సీతంపేట విషయంలో మాత్రం తొందరపడవద్దన్నాను. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఆ కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో బొమ్మలు వేస్తారు. మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు గీతల్లో కదులుతుంటారు. బయటివాళ్ల కంటికి అవి అందమైన డిజైన్లు. వాళ్లకు అవి పూర్వీకులకు కట్టిన ఇళ్లు, చేసిన మొక్కులు. వాటిని ఫోన్లో ఫొటో తీసి, జర్మనీలో కాన్వాసు మీదికి ఎక్కించి, నా ప్రాంతపు కళ అని గోడకు పెట్టడం నాకు తప్పనిపిస్తుంది. ఈ విషయంలో గిడుగు రామమూర్తి నడిచిన దారి ఉంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆ మహానుభావుడు సవరల గురించి రాయడానికి ముందు సవర భాష నేర్చుకున్నాడు. ఎన్నో ఏళ్లు వాళ్లతో మాట్లాడి, వాళ్ల పిల్లలకు బళ్లు పెట్టి, ఆ తర్వాతే వ్యాకరణమూ నిఘంటువూ తెచ్చాడు. నా మేనకోడలు అక్కడ బొమ్మలు చూసింది, పెద్దవాళ్లను అడిగి తెలుసుకుంది, తాను మాత్రం ఒక్క గీత కూడా తీసుకోకుండా వచ్చింది. అది నాకు చాలా సంతోషం కలిగించింది.

చివరికి కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. పక్కనే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు. అక్కడికి పంపింది చరిత్ర కోసం కన్నా వెలుతురు కోసం. మిట్టమధ్యాహ్నం ఆ ఇసుకలో పచ్చరంగు కూడా తెల్లబోతుంది, నీడ నీలంగా పడుతుంది. డిసెంబరులో జర్మనీలో సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గుంకుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో అసలు నీడలే ఉండవు. ఇక్కడి ఎండలో రంగులు కలిపి చిన్న చిన్న కాగితాల మీద పూసి, తేదీ, వేళ రాసుకుని పట్టుకెళ్లమన్నాను. అక్కడ కిటికీ పక్కన ఆ కాగితాలు పరిస్తే ఏ రంగు ఏమైందో కంటికి తెలుస్తుంది.

మాట్లాడటం గురించి కూడా చెప్పాలి. మన పిల్లలు బొమ్మ బాగా వేస్తారు, దాని ముందు నిలబడి చెప్పమంటే తల దించుకుంటారు. జర్మనీ క్లాసుల్లో మాట్లాడకపోతే చెప్పడానికేమీ లేదనుకుంటారు. అందుకని మేనకోడలి బొమ్మ హాల్లో పెట్టి మా అమ్మను కూర్చోబెట్టాను. మా అమ్మ చాలాసేపు చూసి, "ఈ గోడెందుకే ఎర్రగా ఎట్టావు? ఈ మనిసికి మొకమేదీ?" అంది. "మొకం లేకపోతే ఆవిడెవరో నీకు తెల్లేదా అమ్మమ్మా?" "చెయ్యి సూస్తే తెలిసింది. పొందూరు మనిసే." ఆ తర్వాత అరగంట ఇద్దరూ ఆ చేతి గురించే మాట్లాడుకున్నారు. అమ్మమ్మకు తెలుగులో చెప్పిన మాటలనే అది మర్నాడు ఇంగ్లీషులో రాసుకుంది. ఇంతవరకు తన పని గురించి అది రాసుకున్నవాటిలో నాకు నచ్చింది అదే.

కాగితాల పనులు త్వరగా చెప్పేస్తాను. రెండు విద్యాసంస్థల మధ్య ఒప్పందం ఉంటే మామూలుగా అక్కడ ట్యూషన్ ఫీజు కట్టనక్కర్లేదు. కానీ అద్దె, తిండి, బీమా మనవే. 2024 నుంచి జర్మనీ వీసాకు విద్యార్థి నెలకు 992 యూరోల చొప్పున ఖర్చుకు ఆధారం చూపించాల్సి వస్తోంది. అంటే మన లెక్కలో దాదాపు లక్ష రూపాయలు. స్టైపెండు ఏదైనా వస్తుందా అన్నది మొదటే అడిగి తెలుసుకోవాలి. అక్కడ చదివిన క్రెడిట్లు ఇక్కడి మార్కుల్లో ఎలా చేరుస్తారో బయలుదేరే ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. టర్పెంటైను, థిన్నరు, ఫిక్సేటివు స్ప్రే విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. కత్తులు, ఉలులు చెకిన్ సామానులోనే పెట్టాలి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు యూరప్‌లోకి రానివ్వరు. ఎండు చేపలకు అనుమతి ఉందని తెలిసి మా అక్క తేలికగా ఊపిరి పీల్చుకుంది. వేయించిన పలాస జీడిపప్పు పొట్లం కూడా కట్టింది. మన నేల మట్టిని మట్టిగా తీసుకెళ్లడానికీ వీల్లేదు, కనుక ఎర్రమట్టి ఆశ వదులుకోవాల్సిందే.

ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపాలా అని చుట్టాలు అడుగుతున్నారు. వందేళ్ల కిందట రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఇంట్లో భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టి బొమ్మలు వేశారు. ఆ ఇంటివాళ్లు వాళ్ల చేతుల్లో కుంచె చూసి భయపడలేదు. మనమూ భయపడనక్కర్లేదు. చలికాలం గడిచేసరికి ఆ పిల్ల ఇంటికొస్తుంది. అప్పుడు దాని చేతి పని ఎలా మారిందో చూద్దాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పనివాళ్లకు, పల్లెల్లోని పెద్దలకు నాదొక మనవి. ఏ కుర్రాడో, ఏ పిల్లో స్కెచ్‌బుక్కు పట్టుకుని మీ మగ్గం దగ్గరికో, కొలిమి దగ్గరికో వస్తే పని చెడుతుందని పంపేయకండి. ఓ పక్కన కాసేపు కూర్చోనివ్వండి. అడిగినవాటికి మీకు తెలిసింది చెప్పండి. రేపు ఏ క్లాసులోనైనా గోడకు ఏం పెట్టాలో ఆ పిల్లలకు మీ దగ్గర కూర్చున్నప్పుడే తెలుస్తుంది.